పాఠంలో లేని బురద

సార్వా (వానాకాలం వరి) ఊడ్పులు పూర్తయిన మూడో వారంలో, పొద్దు గూకే వేళకు వరిచేను గట్టు మీద నిలబడితే, ముఖం ఎత్తున ఒక పురుగుల గుంపు పొగలా సుడి తిరుగుతూ కనిపిస్తుంది. చూడగానే దోమలనే అనుకుంటాం గానీ అవి కుట్టవు, రక్తం తాగవు, వరి ఆకును కొరకవు, రసం పీల్చవు. మా నాన్నగారు భుజం మీది తువ్వాలుతో వాటిని తోలుకుంటూ నడిచేవారు తప్ప ఏనాడూ వాటి గురించి ఒక్క మాట అనలేదు. దుబ్బు మొదట్లో రసం పీల్చే సుడిదోమకు పేరుంది, కాండం తొలిచే పురుగుకు పేరుంది, ఆకుముడతకు పేరుంది. ఈ కుట్టని దోమకు మా ఊళ్ళో పేరు లేదు. నష్టం చేయని, లాభం చేస్తున్నట్టు కనిపించని ప్రాణికి పేరు పెట్టుకునే తీరిక రైతుకు ఉండదు.

పుస్తకాల్లో వీటిని కైరోనమిడ్లు అంటారు. వీటి పిల్ల పురుగులు పొలం అడుగు బురదలో సన్నని గొట్టాలు కట్టుకొని, కుళ్ళుతున్న గడ్డినీ, దాని మీద పేరుకున్న సూక్ష్మజీవులనూ, నాచునూ తింటూ పెరుగుతాయి. వీటిలో కొన్ని జాతుల పిల్ల పురుగులు ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు మన నెత్తుటిలో ఉండే హిమోగ్లోబిన్ వంటి పదార్థానిదే, గాలి అందని బురదలో ఉన్న కాస్త ప్రాణవాయువును ఒడిసి పట్టుకోవడానికి పనికొస్తుంది. ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నవారు వాటికి మేతగా కొనే ఎర్ర పురుగులు ఈ కుటుంబానివే.

నేను ఈ వ్యాసంలో వాదించదలచుకున్నది ఒక్కటే సంగతి. వరిచేలో పంటను కాచే సాలీళ్ళకు, తూనీగలకు మొదటి నెల కూడు పెట్టేది ఈ పేరు లేని పురుగూ దీనిలాంటి మరికొన్నీ. వాటికి కూడు పెట్టేది కుళ్ళు. ఆహార గొలుసును మనం బడిలో నేర్చుకున్న తీరు ఈ సంగతిని కంటికి ఆనకుండా చేసింది. అందుకే, పురుగు పడకముందే ముందుజాగ్రత్త పేరిట మొదటి నెలలో చల్లే పురుగుమందు గుళికలు, కొట్టే మందు మనకు తెలివైన పనిగా తోస్తున్నాయి.

గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. తెలుగు బడిలో చదువుకున్నవారిని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా ఈ వరుస తప్పకుండా అప్పజెబుతారు. నేనైతే బాణం గుర్తుల దగ్గర మార్కులు పోగొట్టుకున్నాను: కప్ప మిడతను తింటుంది కదా అని కప్ప నుంచి మిడత వైపు గీశాను, శక్తి మిడత నుంచి కప్పకు పోతుంది కనుక బాణం అటు తిరగాలని మాస్టారు చెవి మెలిపెట్టి చెప్పారు. ఆ పాఠంలో తప్పేమీ లేదు. అయితే ఆ బొమ్మలో గొలుసు మొత్తం పేజీ మధ్యలో ఉండేది. కింద ఒక మూల చిన్న పెట్టెలో "విచ్ఛిన్నకారులు" అని రాసి, చచ్చినవాటిని కుళ్ళబెట్టి పోషకాలను నేలకు చేరుస్తాయని ఒక వాక్యం ఉండేది. చెత్త ఎత్తేవారిని సమాజం ఎలా చూస్తుందో ఆ బొమ్మ కూడా వాటిని అలాగే చూసింది. వాటికి ఊరి చివర ఒక గుడిసె ఇచ్చింది.

నిజానికి నేల మీద చాలా చోట్ల లెక్క తలకిందులుగా ఉంటుంది. అడవిలో పుట్టే ఆకులో పచ్చిగా ఉండగానే జంతువుల నోటికి చేరేది స్వల్పభాగం. మిగిలినదంతా పండి, రాలి, కుళ్ళి, అప్పుడు ఎవరికో ఆహారమవుతుంది. నల్లమలలో వేసవి మొదట్లో నడిచినవారికి ఇది లెక్క చెప్పనక్కరలేని విషయం: కాలు మడమ దాకా మునిగే ఆ ఎండుటాకంతా ఏ జింకా తినకుండా వదిలేసిన శక్తే. పచ్చిమేత గొలుసు, కుళ్ళు గొలుసు అని రెండున్నాయనీ, అడవుల్లో, చిత్తడి నేలల్లో, మడ అడవుల్లో రెండోదే పెద్దదనీ జీవావరణ శాస్త్రం చెప్పబట్టి చాలా ఏళ్ళయింది. మన పాఠం మాత్రం మొదటిదాని దగ్గరే ఆగింది.

విచిత్రమేమిటంటే, శక్తి ప్రవాహమనే భావనకు పునాది వేసిన మనిషి బొమ్మలో బురద మూలన లేదు. రేమండ్ లిండ్‌మన్ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సెడార్ బాగ్ లేక్ అనే చిన్న చెరువును ఏళ్ళ తరబడి శ్రమించి పరిశీలించాడు. అందులోని నాచు, పురుగులు, చేపలు, అడుగు బురద అన్నిటినీ ఒకే నాణెంలోకి, అంటే శక్తిలోకి, మార్చి లెక్క కట్టాడు. ఆ వ్యాసాన్ని ‘ఎకాలజీ’ పత్రికకు పంపితే, ఇంత కొద్ది ఆధారంతో ఇంత పెద్ద సిద్ధాంతమా అని సమీక్షకులు వద్దన్నారు. గురుతుల్యుడైన ఎవెలిన్ హచిన్సన్ పట్టుబట్టిన మీదట సంపాదకుడు ఒప్పుకున్నాడు. 1942 అక్టోబరులో అది అచ్చయ్యేనాటికి లిండ్‌మన్ లేడు. అదే ఏడాది జూన్‌లో, 27 ఏళ్ళు నిండకుండానే, కాలేయ జబ్బుతో చనిపోయాడు. ఆ వ్యాసంలోని మొదటి బొమ్మలో, చెరువులోని ప్రాణులన్నిటి మధ్యా, నట్టనడుమ ఉన్నది అడుగు బురద. బాణాలన్నీ దానిలోకి దిగుతాయి, దానిలోంచి లేస్తాయి. తర్వాతి తరాలు ఆయన నుంచి మెట్టుమెట్టుకూ శక్తి తగ్గిపోయే పిరమిడ్ బొమ్మను తీసుకున్నాయి, బురదను వదిలేశాయి.

పిరమిడ్‌తో పాటు 10 శాతం నియమం కూడా వచ్చింది: ఒక మెట్టులోని శక్తిలో పదో వంతే పై మెట్టుకు అందుతుందని. దీన్ని నియమం అనడం కొంచెం అతి. లిండ్‌మన్ సొంత లెక్కలోనే కింది మెట్టు శక్తిని అందుకోవడంలో శాకాహారుల సామర్థ్యం 13.3 శాతం, వాటిని తినేవాటిది 22.3 శాతం వచ్చాయి. 1957లో జీవావరణ శాస్త్రజ్ఞుడు హోవర్డ్ ఓడమ్ ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊటనీటి మీద ప్రచురించిన లెక్క ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. అక్కడ ఏడాదికి చదరపు మీటరుకు నీటి మొక్కలు పట్టుకున్న శక్తి 20,810 కిలోకేలరీలు; శాకాహారులకు అందినది 3,368; వాటిని తినేవాటికి 383; పైమెట్టు మాంసాహారులకు 21. ఇదే లెక్కలో కుళ్ళబెట్టే జీవుల వాటా 5,060. పాఠ్యపుస్తకం ఆ 21 దగ్గరకు వెళ్ళి, చూడండి, పైన ఎంత తక్కువ మిగిలిందో అని ఆశ్చర్యపోతుంది. నన్ను ఆపేసింది మాత్రం 5,060. మొక్కలు తినే ప్రాణులన్నిటికీ కలిపి దక్కినదానికంటే ఒకటిన్నర రెట్లు పెద్ద అంకె అది.

ఇక మా పొలానికి వస్తాను. జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలాక దమ్ము చేస్తాం. ఆ దమ్ములో ఏముంటుంది? కిందటి దాళ్వా (రెండో పంట) వరి మోళ్ళు, వేర్లు, గట్ల వెంట పెరిగిన కలుపు, పశువుల ఎరువు తోలితే అది, జీలుగో జనుమో పిల్లిపెసరో చల్లి దున్నితే అది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినా ఆ పని సారం మారలేదు: చచ్చిన గడ్డిని నీళ్ళలో కలిపి తొక్కడం. దమ్ము చేస్తున్నంతసేపూ వెనకాలే కొంగలు బారులు తీరి ఏరుకుతింటాయి; బురదలో తినదగ్గది ఉందని వాటికి ఎవరూ పాఠం చెప్పలేదు. రెండు మూడు రోజుల్లో నీళ్ళు తేటపడతాయి, సూక్ష్మజీవులు ఆ కుళ్ళును పట్టుకుంటాయి, కంటికి ఆనని నీటి ప్రాణులు వాటిని తింటాయి, కైరోనమిడ్లు గుడ్లు పెడతాయి. ఊడ్చిన రెండు మూడు వారాలకు అవి రెక్కలొచ్చి నీటి మీదికి లేస్తాయి. సాయంత్రం గట్టు మీద కనిపించే పొగ అదే. కిందటి పంట మిగిల్చిన శక్తి రెక్కలు కట్టుకొని పైకి లేస్తోందని దాన్ని చదువుకోవచ్చు.

ఆ వారంలో వంగి చూడవలసినది దుబ్బు మొదలు. పిలకలు ఇంకా నాలుగైదుకు మించి ఉండవు. ఆకుపచ్చ మొదలు నీటిని తాకేచోట, నీటికి అంగుళం పైన, తల కిందికి పెట్టి కదలకుండా కూర్చున్న బూడిదగోధుమ రంగు సాలీడు ఉంటుంది. గూడు అల్లదు, వేటాడి పట్టుకుంటుంది. అందుకే దాన్ని తోడేలు సాలీడు అంటారు. శాస్త్రనామం పార్డోసా స్యూడోఅన్యులేటా. దుబ్బును చేత్తో వంచి రెండు తట్లు తడితే అది నీటి మీద పడి, మునగకుండా, గాజు పలక మీద నడిచినట్టు నడిచి పక్క దుబ్బెక్కుతుంది. ఆడదైతే వెనక భాగాన తెల్లని గుడ్ల సంచి మోస్తూ కనిపిస్తుంది. గుడ్లు పగిలాక 60 నుంచి 80 పిల్లల దాకా తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతాయి. ఒకసారి అలాంటిదాన్ని అరచేతిలోకి తీసుకుందామని తొందరపడ్డాను. పిల్లలన్నీ ఒక్కసారిగా చెదిరి నా మణికట్టు మీదుగా పాకిపోయాయి. అటుపైన చేత్తో ముట్టుకోలేదు.

ఈ సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులు తినగలదని వరి శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. సార్వాలో చదరపు మీటరుకు 33 దుబ్బులు ఉండాలంటారు. పది దుబ్బులకు ఒక్కటి చొప్పున, చదరపు మీటరుకు మూడు సాలీళ్ళే ఉన్నాయనుకుందాం. తక్కువలో తక్కువ రోజుకు 15 పురుగులు కావాలి. ఎకరానికి 60 వేలు. ఊడ్చిన రెండో వారంలో, సుడిదోమ జాడే లేనప్పుడు, ఈ 60 వేల ముద్దలు ఎక్కడి నుంచి రావాలి? సాలీడు చాన్నాళ్ళు పస్తులుండగలదు. చల్లని నెత్తురు ప్రాణి కనుక ఒళ్ళు వెచ్చబెట్టుకునే ఖర్చు దానికి లేదు. పక్షులూ క్షీరదాలూ ఒంటబట్టిన ఆహారంలో నూటికి రెండు మూడు వంతులే కండగా మార్చుకుంటాయి, మిగతాదంతా వేడికే పోతుంది. ఆ లెక్కన సాలీడు కొంగకంటే చాలా చవకైన కాపలాదారు. కానీ పస్తులున్న సాలీడు గుడ్లు పెట్టదు. సుడిదోమ వచ్చాక దాన్ని తిని సాలీడు పెరగాలంటే, దొంగ ఇల్లు ఊడ్చుకుపోయిన తర్వాత కాపలాదారును పనిలో పెట్టుకున్నట్టే. సుడిదోమ తరం నెల తిరగకుండానే పూర్తవుతుంది, ఒక్క ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. సాలీడు బతికేదే మూడు నాలుగు నెలలు. ఆ పరుగులో వెనక బయలుదేరినవాడు ఎన్నటికీ అందుకోలేడు. కనుక సాలీడు ముందే ఉండాలి, ముందే ఉండాలంటే ముందే తినాలి, ముందే దొరికే తిండి బురదలోంచి లేచిన పురుగు.

ఇది నా ఊహ అయితే మీరు కొట్టిపారేయవచ్చు. ఇండోనేషియాలో దీన్ని కొలిచి చూశారు. ఆ దేశం 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిందని పండగ చేసుకుంది. రెండేళ్ళు తిరగకుండా సుడిదోమ జావా పొలాలను తగలబెట్టినట్టు ఎండగట్టింది. ప్రభుత్వం పురుగుమందుల మీద భారీ సబ్సిడీ ఇస్తున్న రోజులవి. ఎంత కొడితే దోమ అంత పెరిగింది. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో 57 మందులను వరి మీద వాడకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. 1989 నాటికి సబ్సిడీ పూర్తిగా ఎత్తేశారు. రైతులు పొలంలోనే కూర్చుని పురుగులను లెక్కపెట్టి నేర్చుకునే బడులు అక్కడ 1989లో మొదలయ్యాయి. మన పొలంబడి ఆ తల్లివేరు నుంచి వచ్చిన మొక్కే. ఆ తర్వాత విలియం సెటిల్, ఆయన సహచరులు జావా పొలాల్లో చేసిన పరిశీలనలు 1996లో వెలువడ్డాయి. లిండ్‌మన్ వ్యాసం వచ్చిన ‘ఎకాలజీ’ పత్రికలోనే, 54 ఏళ్ళ తర్వాత. వాళ్ళు కనుగొన్నది ఇది: పంటకాలం తొలి రోజుల్లోనే వేటాడే పురుగులూ సాలీళ్ళూ దండిగా ఉంటున్నాయి, వాటిని పోషిస్తున్నవి కుళ్ళు తినే పురుగులు, నీటి సూక్ష్మప్రాణులను తినే పురుగులు. పొలంలో సేంద్రియ పదార్థం పెంచితే ఆ పురుగులు పెరిగాయి, వాటి వెంట వేటాడేవీ పెరిగాయి. తొలి దశలో మందు కొడితే వేటాడేవి తగ్గి, తర్వాత పంటను తినే పురుగు పెరిగింది.

మా ఇంట్లో దీనికి ముందే ఒక దోమపోటు అనుభవం ఉంది. నేను ఇంటర్ చదువుతున్న ఏడాది, స్వర్ణ వేశాం. ఎం.టి.యు. 7029 అనే ఆ వంగడం మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన వరం; దిగుబడిలో దానికి సాటి లేదు, సుడిదోమకు మాత్రం లొంగుతుంది. ఊడ్చిన పదిహేను రోజులకు యూరియాలో గుళికలు కలిపి చల్లించారు నాన్నగారు. పక్క టౌనులో ఒక పురుగుమందుల కొట్టు యజమాని, "ముందే వేసుకుంటే బాధ ఉండదండీ, పురుగు పుట్టదు" అని భరోసా ఇచ్చాడు. నెలకు మళ్ళీ ఒక సీసా మందు. ఆ సాయంత్రాలు గట్టు మీద పొగలాంటి పురుగు లేదని ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నాను. అప్పుడు అది కూడా మంచికే అనుకున్నాం. చిరుపొట్ట దశ దాటాక చేను నడుమ ఒక చోట చాప పరిచినంత మేర పసుపుబారింది. నాలుగో రోజుకు అది ఎండి, గుండ్రంగా సుడి తిరిగినట్టు విస్తరించింది. దుబ్బు విడదీసి చూస్తే మొదలంతా గోధుమరంగు దోమ కిక్కిరిసి, ఆవగింజలు అద్దినట్టు ఉంది. మళ్ళీ కొట్టుకు వెళ్తే ఈసారి "గట్టి మందు" ఇచ్చాడు. అది కొట్టిన మర్నాడు నీటి మీద చచ్చిన దోమ తెట్టెలు కట్టింది. నాన్నగారి ముఖంలో ఆ రోజు చూసిన తెరిపి నాకింకా గుర్తే. తొమ్మిది పది రోజులకు మళ్ళీ దోమ, ఈసారి పిల్లలు.

ఎందుకు మళ్ళీ వచ్చిందో అప్పుడు మాకు తెలియదు. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు కణజాలం లోపల పెడుతుంది. పైన కొట్టిన మందు వాటిని అంటదు. అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి. పొదిగేసరికి చేలో సాలీడు లేదు. ఆ గుడ్లలోకి ముక్కు గుచ్చి పీల్చే సన్నని ఆకుపచ్చ మిరిడ్ నల్లి లేదు. నీటి మీద పడ్డ పిల్లదోమను పట్టుకునే చిన్న నీటి నల్లులు లేవు. మందు శత్రువును సగం చంపి, శత్రువుకు శత్రువును పూర్తిగా చంపింది. కొన్ని సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చావనంత మోతాదులో తగిలితే సుడిదోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుందని కూడా తేలింది. ఆ ఏడాది మాకు దక్కినది తిండిగింజలు, కొట్టులో అప్పు.

ఇక్కడ నా వాదనను నేనే కొంచెం కోసుకోవాలి. శక్తి లెక్క ఒక్కటే పట్టుకుంటే సుడిదోమ సగమే అర్థమవుతుంది. అది పీల్చేది మొక్క నాళాల్లోని తీపి రసం. దానికి శక్తి కొదవ లేదు, పైగా ఎక్కువై తేనెబంకగా బయటికి వదిలేస్తుంది. దానికి కరువు నత్రజని. రసంలో చక్కెర ముంతెడు, మాంసకృత్తుల ముడిసరుకు చిటికెడు. కావలసిన చిటికెడు కోసం ముంతెడు తాగుతుంది. మనం యూరియా మోతాదు మించి వేసినప్పుడు ఆ చిటికెడును గుప్పెడు చేస్తున్నాం. గుడ్లు పెరుగుతాయి, బతికే పిల్లలు పెరుగుతాయి. కాబట్టి చేనును కేలరీల గొలుసుగా మాత్రమే చూపే పిరమిడ్ బొమ్మ ఇక్కడ కూడా మనల్ని సగం దారిలో వదిలేస్తుంది. మా పొలంలో పదిహేనో రోజున చల్లిన ఆ ఒక్క పళ్ళెంలో సాలీడుకు ఉపవాసమూ, దోమకు విందూ కలిసే ఉన్నాయన్నమాట.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది శాస్త్రానిది కాదు, కౌలుది. మా పొలం ఇప్పుడు కౌలుకు చేస్తున్న బాబాయి సొంత భూమి లేని రైతు. ఆయనతో ఈ సంగతి మొదటిసారి ఎత్తినప్పుడు శాంతంగా విని, "మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చండీ. దోమ పడితే మక్తా బస్తాలు సాలీడు కొలుస్తుందా?" అన్నాడు. మక్తా అంటే కౌలు కింద కొలిచే ధాన్యం. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. గుళికల ఖర్చు ఆయనకు బీమా లాంటిది. ఆ బీమా ప్రమాదాన్ని తగ్గించడానికి బదులు పెంచుతోందని నేను ఎంత నమ్మినా, నష్టం వస్తే మోసేది నేను కాదు. కౌలు రైతుకు పంట నష్టపరిహారం సరిగా అందని వ్యవస్థలో, మందు వాడకం తగ్గించమని ఆయనకు ఉపన్యాసం ఇవ్వడం నాకు సిగ్గుగా ఉంటుంది. అయినా ఆయన కొంటున్నది బీమా కాదని చెప్పకపోవడం కూడా తప్పే.

రెండో అభ్యంతరం: సాలీళ్ళు అన్నిటినీ ఆపలేవు. నిజం. కాండం తొలిచే పురుగు పిలక లోపల దాక్కుంటుంది. దాని సంగతి వేరు. సుడిదోమకైనా పిలక దశలో దుబ్బుకు 10–15 మించి కనిపిస్తే మందు కొట్టక తప్పని పరిస్థితి రావచ్చు. నేను మందుకు శత్రువును కాను. లెక్కపెట్టకుండా, తేదీ చూసి కొట్టే మందుకు శత్రువును. ఊడ్చేటప్పుడే రెండు మీటర్లకొకసారి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమని వ్యవసాయ అధికారులు ఏళ్ళుగా చెబుతున్నారు. గాలి వెలుతురు తగిలి దోమ తగ్గుతుందనేది దాని ఉద్దేశం, కానీ నా మటుకు నాకు దాని అసలు లాభం ఇంకొకటి: ఆ బాటలో మనిషి చేను నడుమకు నడిచి వెళ్ళి దుబ్బు తట్టి చూడగలడు. గట్టు మీది నుంచి చూసిన చేను ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

మూడోది నాకు నేనే చెప్పుకునే అభ్యంతరం. నీటి కింద కుళ్ళే గడ్డిలోని శక్తి అంతా పురుగులకే పోదు; గాలి అందని బురదలో బతికే సూక్ష్మజీవులు కొంత పంచుకొని మీథేన్‌గా వదులుతాయి. వరి మళ్ళలో కాలు పెడితే బుడగలుగా లేచేది ఆ గాలే, భూమిని వేడెక్కించే వాయువుల్లో అదొకటి. దాన్ని తగ్గించడానికి మడిని ఆరబెట్టి తడిపే పద్ధతి చెబుతున్నారు. సుడిదోమ ఉధృతి ఉన్నప్పుడు కూడా నీరు తీసేయమనే చెబుతారు. కానీ తొలి వారాల్లోనే ఆరబెడితే కైరోనమిడ్ పిల్లలు ఎండిపోతాయి. మొదటి మూడు నాలుగు వారాలు నీరు నిలిపి, ఆ తర్వాత ఆరబెట్టడం మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. జీలుగ లాంటి పచ్చిరొట్టను దమ్ముకు ముందే కాస్త మాగనిస్తే ఇంకా మంచిది. ఇది ఒక రాజీ మాత్రమేనని ఒప్పుకుంటాను.

మోళ్ళు తగలబెట్టడం గురించి మాత్రం రాజీ లేదు. కోత యంత్రం వచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురుగా పడుతోంది, పశువులు తగ్గి వాములు వేసుకునేవారు తగ్గారు, తర్వాతి పంటకు వ్యవధి తక్కువ. అగ్గిపుల్ల పని తేలిక చేస్తుంది. గింజ ఎంత బరువో దాదాపు అంత బరువు గడ్డి ఉంటుంది. అంటే మొక్క నేల పైన పోగు చేసిన శక్తిలో మనం తీసుకున్నది పోగా మిగిలిన సగాన్ని ఒక్క సాయంత్రంలో పొగ చేస్తున్నాం. కొంగకూ, సాలీడుకూ, కప్పకూ, చేనుకూ రావలసిన కూలి అది. కప్ప అంటే గుర్తొచ్చింది: ఒకప్పుడు మన దేశం కప్ప కాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసి డాలర్లు సంపాదించి, చివరికి 1987లో నిషేధించింది. తిన్న పురుగులకు ఖరీదు కట్టి ఉంటే ఆ వ్యాపారం మొదలయ్యేదే కాదు.

గట్ల సంగతి కూడా చెప్పాలి. డెల్టాలో దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు. వేసవిలో నేల నెర్రెలు విచ్చుతుంది. ఆ రోజుల్లో సాలీడు ఎక్కడ ఉంటుంది? గట్టు గడ్డిలో, బోదెల తడిలో, పిల్ల కాలువల ఒడ్డున. జావాలో సెటిల్ బృందం చూసినదీ ఇదే: పెద్ద విస్తీర్ణమంతా ఒకేసారి ఊడ్చి, నడుమ ఎక్కువ కాలం ఎండబెట్టే ప్రాంతాల్లో వేటాడేవి ఆలస్యంగా చేరుతున్నాయి, అక్కడే దోమపోటు ఎక్కువ. మన గట్లు ఇప్పుడు అడుగు వెడల్పుకు చెక్కుకుపోయాయి, మిగిలిన గడ్డి మీద కలుపు మందు పడుతోంది. సరిహద్దు తగాదా గెలవడానికి గట్టును రెండు వైపులా చెక్కిన ఇద్దరు రైతులూ కలిసి పోగొట్టుకున్నదేమిటో ఏ సర్వే రాయీ చూపించదు.

రెండేళ్ళ కిందట బాబాయిని ఒప్పించగలిగాను, పొలమంతా కాదు, కాలువ పక్కన ఎకరం చెక్కలో. అక్కడ గుళికలు చల్లలేదు, కిందటి పంట గడ్డి తగలబెట్టలేదు, జీలుగ దున్నాం. ఆ ఎకరంలో నష్టం వస్తే ఆ మేరకు మక్తా వదులుకుంటానని నేను మాటిచ్చాను. సాలీడు కొలవలేని బస్తాలు నేనే కొలుస్తానన్నమాట. మూడో వారం సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. మందు చల్లిన మడి గట్టు మీద తలెత్తి హాయిగా నడిచాం. ఈ మడి గట్టు దగ్గరకు రాగానే ఆయన తువ్వాలు తీసి విసరడం మొదలుపెట్టాడు. వంగి దుబ్బు తట్టి చూపించాను. నీటి మీద మూడు సాలీళ్ళు పరుగెత్తాయి, ఒకటి గుడ్ల సంచితో. పక్క మడిలో ఎన్ని దుబ్బులు తట్టినా ఒక్కటే కనిపించింది.

ఆ సార్వాలో మా ఊరికి దోమ పెద్దగా పడలేదు, కాబట్టి ఈ ఎకరం దేన్నీ రుజువు చేయలేదు. దిగుబడిలో రెండు చెక్కల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. గుళికల డబ్బు మిగిలింది, అంతే. కిందటేడు ఆయన రెండెకరాలకు గుళికలు మానేశాడు. ఎందుకని అడిగితే సాలీడు మాట ఎత్తలేదు. "చెయ్యి చూడండీ" అని అరచేయి చాపాడు. ఏళ్ళ తరబడి గుళికలు కలిపిన ఆ చేతి వేళ్ళ సందుల్లో చర్మం పొలుసులు కట్టి ఉంది.